ఒకటి నిప్పు, రెండు మట్టి, మూడు చెయ్యి: నేటి జపాన్ కుమ్మరుల చదువు, బతుకు

నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. ఈ బల్ల మీద ఆరు గిన్నెలు పెట్టాం. ఇప్పుడే ముట్టుకోకండి, చివర్లో వాటితో పని ఉంది.

జపాన్ కుమ్మరుల గురించి ఏ పత్రికలో వ్యాసం వచ్చినా పక్కన వేసే బొమ్మ ఒకటే: సారె ముందు కూర్చున్న మనిషి. సారె అంటే పుట్టింటి సారె కాదు, కుమ్మరి సారె. (నవ్వులు) కానీ వాళ్లలో ఒక పాత మాట ఉంది: ‘ఇచి యాకి, ని త్సుచి, సాన్ సైకు’. ఒకటి కాల్పు, రెండు మట్టి, మూడు చేతిపని. మనం నోరు తెరుచుకుని చూసే సారె పనికి వాళ్లు ఇచ్చింది మూడో పీట. ఇవాళ్టి చదువులో ఈ వరుస తిరగబడింది. మూడోదాన్ని బడిలో శ్రద్ధగా నేర్పుతున్నారు, రెండోది సంచుల్లో కొనుక్కోవచ్చు, మొదటిదాన్ని చాలావరకు మీట నొక్కితే నడిచే ఆవానికి అప్పజెప్పారు. దానివల్ల ఏం కలిసొచ్చింది, ఏం చేజారింది అన్నదే నా విషయం.

పాత దారి గురువు దగ్గర చేరడం. శిష్యుణ్ని ‘దెషి’ అంటారు, గురువు ఇంట్లోనే ఉండి నేర్చుకునేవాణ్ని ‘ఉచిదెషి’ అంటారు. మూడు నుంచి ఐదేళ్లు. జీతమని చెప్పుకోదగ్గది ఉండదు, తిండీ పడకా, చేతిఖర్చుకు కొంత. గడువు తీరాక కృతజ్ఞతగా ఇంకో ఏడాది పనిచేసిపెట్టే ఆచారమూ ఉండేది. మొదటి ఏడాది సారె ముట్టనివ్వరు. ఊడవడం, మట్టి పిసకడం, కట్టెలు చీల్చడం, బూడిద జల్లించడం, పచ్చి పాత్రలు పేర్చిన పొడుగాటి పలకలను భుజాన పెట్టుకుని ఎండకూ నీడకూ మార్చడం. ఇది ఊరికే చాకిరీ చేయించుకోవడమేనని విమర్శించేవాళ్లున్నారు. కొన్ని ఇళ్లలో అది నిజమే. అయితే ఆ పలకలు మోసే పనిలోనే ఒక పాఠం ఉంది. ఏ పాత్ర ఏ గంటకు తోలు పదునుకు, అంటే సగం ఆరి చెక్కడానికి వీలయ్యే గట్టిదనానికి, వస్తుందో, వానాకాలంలో ఎంత ఆలస్యమవుతుందో, గాలి తగిలిన వైపు అంచు ముందు ఎండి ఎలా వంగుతుందో రోజూ మోసేవాడికి చెప్పక్కర్లేదు. బడిలో రెండేళ్లు చదివి వచ్చినవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఈ పద్ధతికి అందరూ చెప్పే ఉదాహరణ మషికో. టోక్యోకి ఉత్తరాన, తొచిగి రాష్ట్రంలో ఉంది. 1853లో మొదలైన వాడకపు కుండల ఊరు: నీళ్ల జాడీలు, ఉప్పు కుండలు, టీ కెటిళ్లు. కుమ్మరి హమదా షోజి 1920లో ఇంగ్లిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో కలిసి ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో ఆవం కట్టి, 1924లో తిరిగొచ్చాక మషికోలో పని మొదలుపెట్టాడు. 1955లో ప్రభుత్వం మొదటిసారి ప్రకటించిన ‘సజీవ జాతీయ నిధుల్లో’, అంటే పాత విద్యను నిలబెట్టే మనుషులకిచ్చే ఆ గౌరవం పొందినవాళ్లలో, ఆయన ఒకడు. యుద్ధం ముగిశాక 1946లో ఆయన దగ్గర చేరిన షిమఓక తత్సుజో 1996లో అదే గౌరవం పొందాడు. షిమఓక తండ్రి పట్టుతాళ్లు అల్లేవాడు. కొడుకు ఆ తాడునే తడి మట్టి మీద దొర్లించి, పడ్డ గుంటల్లో తెల్లమట్టి నింపి, ఆరాక పైపైన గీకేసేవాడు. తాటి అచ్చు తెల్లగా మిగిలేది. గురువు ఇంట్లో ఉన్నన్నాళ్లూ గురువు పోకడే చేయాలి, బయటికొచ్చాక ఆ పోకడ నుంచి తప్పుకోవాలి. దెషి పద్ధతిలో గట్టి చిక్కు ఇదే. తప్పుకోలేనివాళ్లు జీవితాంతం హమదా పాత్రలకే పేలవమైన నకళ్లు చేస్తూ ఉండిపోయారు, మషికో దుకాణాల్లో ఇప్పటికీ కనబడతాయి.

రెండో దారి బడి. క్యోటోలో రాష్ట్ర ప్రభుత్వం నడిపే కుమ్మరుల శిక్షణ పాఠశాల ఉంది, సేతోలో ఉంది, తాజిమిలో నగరపాలక సంస్థది ఉంది. ఇబరాకి రాష్ట్రం 2016లో కసామాలో కళాశాల తెరిచింది. అరితలో 1985లో మొదలైన పింగాణీ కళాశాలను 2016లో సాగా విశ్వవిద్యాలయంలో కలిపేశారు. ఏడాదో రెండేళ్లో కోర్సు. కుమ్మరి ఇంట పుట్టనివాళ్లకూ, ఉద్యోగం మానేసి ముప్పయ్యేళ్లకు వచ్చినవాళ్లకూ, ముఖ్యంగా ఆడవాళ్లకూ తలుపు తెరిచింది ఈ బడులే. ఆడవాళ్లు ఆవం దగ్గరికి రాకూడదన్న పట్టింపు చాలా ఊళ్లలో ఉండేది. 1936లో పుట్టిన కొయామా కియోకో షిగరాకి అనే కుండల ఊళ్లో సొంతంగా ఒకే గది కట్టెల ఆవం కట్టి, గ్లేజ్ (గాజులాంటి పూత) పూయకుండా కట్టెల బూడిదతోనే మెరుపు తెప్పించింది. ఇవాళ వారసత్వమూ కూతుళ్లకు అందుతోంది: కుతాని పింగాణీలో తొకుదా యసోకిచి అనే పేరును 2010లో నాలుగో తరంగా అందుకున్నది కూతురే.

ఇక మూడోదైన చేతిపని, బడిలో బాగా నేర్పేది.

మొదట మట్టి పిసకడం. ‘అరనెరి’ అంటే మోటుగా పిసకడం, గట్టిదీ మెత్తదీ కలిసి ఒకే పదునుకు రావడానికి. ఆ తర్వాత ‘కికునెరి’. ‘కికు’ అంటే చామంతి. ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో కొద్దిగా తిప్పుతూ పోతే ముద్ద మీద చామంతి రేకుల్లా మడతలు పడతాయి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు మన చపాతీ పిండి లాగా మడిచి మూయడం. మడిస్తే గాలి లోపలే చిక్కుతుంది. మట్టిని దొర్లించాలి, మడవకూడదు. చిక్కిన గాలిబుడగ సారె మీద ఒక చోట చేతికి ఎగుడుగా తగులుతుంది, అక్కడి నుంచి గోడ ఊగడం మొదలవుతుంది. ‘పిసకడం మూడేళ్లు, సారె పదేళ్లు’ అన్నది అక్కడి సామెత. అతిశయోక్తే, కానీ ఆరు నెలల్లో చామంతి విచ్చనివాళ్లున్నారు.

సారెల్లో రెండు రకాలు. సేతో, మషికో వైపు కర్రతో తిప్పే చేతి సారె ఉండేది. పైపళ్లెంలో గుంటలో కర్ర గుచ్చి తిప్పి వదిలితే తన బరువుకు తిరుగుతుంది. మన ఊళ్లలో కుమ్మరులు కర్రతో తిప్పే సారెను చూసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. హమదా చివరిదాకా దాని మీదే చేశాడు. క్యూషూ ద్వీపంలో మాత్రం కొరియా నుంచి వచ్చిన కాలి సారె. చేతి సారె గడియారం ముల్లు తిరిగే వైపు, కాలి సారె దానికి ఎదురు వైపు తిరుగుతాయి. కరెంటు సారె వచ్చాక మీట నొక్కి ఎటైనా తిప్పుకోవచ్చు, అయినా ఏ ప్రాంతంవాళ్లు ఆ ప్రాంతపు దిక్కే పట్టుకుని ఉన్నారు. చెయ్యి ఒకవైపు అలవాటుపడ్డాక రెండో వైపు రాదు.

మొదటి పాఠం యునోమి, అంటే పిడి లేని పొడుగాటి టీ గ్లాసు. పది కిలోల ముద్దను సారె మీద దిబ్బగా నిలబెట్టి, పైన ఒక గ్లాసుకు సరిపడా మట్టినే కేంద్రానికి తెచ్చి, గ్లాసు లాగి, దారంతో కోసి తీసి, మళ్లీ కింద నుంచి ఇంకోటి. కొలతకు ‘తొంబో’ అనే వెదురు పుల్లల సాధనం. పేరుకు తూనీగ అని అర్థం, చూడ్డానికీ అలాగే ఉంటుంది. అడ్డపుల్ల మూతి వెడల్పు చెబుతుంది, నిలువుపుల్ల లోతు చెబుతుంది. మట్టి ఎండి కాలేసరికి ఎంత కుంచించుకుంటుందో లెక్క ముందే వేసుకోవాలి. నూటికి పదమూడు కుంచించుకునే మట్టితో, కాలాక 8 సెంటీమీటర్లు ఉండాల్సిన గ్లాసును 9.2 సెంటీమీటర్లు లాగాలి. పచ్చిదాన్ని చూసి ‘కొంచెం పెద్దదైంది’ అని తగ్గించుకున్నవాడికి ఆవంలోంచి మందుగిన్నె వస్తుంది.

వంద చేయిస్తారు, వరుసగా పెట్టించి, కొన్నిటిని తీగతో నిలువునా కోయిస్తారు. కోస్తే గోడ మందం బయటపడుతుంది: అడుగున మందం, మధ్యలో పలుచన, అంచు దగ్గర మళ్లీ మందం. పై నుంచి చూసి ఎవరూ పట్టుకోలేని తప్పు ఇది. దిబ్బ మీంచి లాగిన పాత్రలకు ఇంకో రోగం ఉంది, అడుగున ఎస్ ఆకారపు పగులు. గోడ మట్టి లాగుతున్నప్పుడు నలిగి గట్టిపడుతుంది, అడుగు మట్టి నలగకుండా మెత్తగానే ఉంటుంది, ఎండేటప్పుడు రెండూ ఒకేలా కుంచించుకోవు. అందుకే లాగడం మొదలుపెట్టేముందే లోపలి అడుగును అంచు నుంచి మధ్యకు వేలితోనో చెక్క ముక్కతోనో గట్టిగా నొక్కాలి. కాలాక పగులు కనబడితే చాలామంది ఆవాన్ని తిడతారు. తప్పు జరిగింది మూడు వారాల కింద, సారె మీద.

తోలు పదునుకు వచ్చాక బోర్లించి అడుగు చెక్కుతారు. అడుగున కుదురులా మిగిలే వలయాన్ని ‘కోదై’ అంటారు. జపాన్‌లో అన్నం గిన్నెను చేత్తో ఎత్తి నోటి దగ్గరికి తెచ్చుకుని తింటారు, మనలా కంచం కింద పెట్టి కాదు. కాబట్టి కోదై వేళ్లకు పట్టివ్వాలి, వేడి అన్నం పోసినా చెయ్యి కాలకూడదు, బరువు చేతిలో తేలిగ్గా నిలవాలి. అన్నం గిన్నె మూతి అటూఇటూగా 4 సున్‌లు, అంటే 12 సెంటీమీటర్లు. చెక్కేటప్పుడు వేలితో తట్టి శబ్దం వింటారు. పలచబడే కొద్దీ శబ్దం మారుతుంది. మట్టి బాగా ఎండిపోయి ఉంటే చెక్కే ఇనుము ఎగిరెగిరి పడి గంట్లు పడతాయి. అది తప్పే. క్యూషూలోని ఒంత ఊరివాళ్లు ఆ తప్పునే వంచగల పలుచని ఇనప పట్టీతో కావాలని చేసి, వరస తప్పని నగిషీగా మార్చారు. పాత గడియారాల స్ప్రింగులతో ఆ పట్టీలు చేసుకునేవారు.

ఒంత పేరు ఎలాగూ వచ్చింది, మట్టి దగ్గరికి పోదాం.

ఒయితా రాష్ట్రంలో హితా పట్నం దగ్గర కొండల్లో ఉన్న ఊరు, 1705లో మొదలైంది. కుండలు చేసే ఇళ్లు పది లోపే. బయటి శిష్యులను చేర్చుకోరు, ఇంటికి ఒక వారసుడే పని అందుకుంటాడు, ఇంటికి రెండే సారెలు, ఒకటి తండ్రిది, ఒకటి కొడుకుది. పాత్ర మీద సొంత పేరు వేసుకోరు. దగ్గరి కొండ మట్టి రాయిలా ఉంటుంది. దాన్ని దంచేది వాగు నీళ్లు. పొడుగాటి దుంగకు ఒక చివర తొట్టిలా తొలిచి ఉంటుంది. నీళ్లు నిండితే ఆ చివర కిందికి వంగి నీళ్లు ఒలికిపోతాయి, రెండో చివర దభీమని మట్టి మీద పడుతుంది. దాని పేరు కరఉసు. ఇలా మూడు నాలుగు వారాలు దంచాలి. తర్వాత నీళ్లలో కలిపి, జల్లించి, తేర్చి, ఆవం వేడికి ఆరబెట్టాలి. మట్టి వచ్చే వేగమే ఊరి వేగం: ఎవరూ ఎక్కువ చేయలేరు, అందుకని యంత్రాలు కొని ముందుకు పరిగెత్తినవాడు లేడు. 1995లో దేశం దీన్ని ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తించింది, ఒక వ్యక్తిని కాదు, మొత్తం ఊరిని. 2017 జూలై వరదల్లో కరఉసులు దెబ్బతిన్నప్పుడు ఊరు మొత్తం ఆగిపోవాల్సి వచ్చింది. వాగు మీద ఆధారపడటానికి అదీ ఖరీదు.

ఒక్కో మట్టిది ఒక్కో గుణం, ఊరి పోకడ ఆ గుణం నుంచే పుట్టింది. మషికో మట్టి ఇసుక పాలు ఎక్కువ, సాగదు. పలచగా లాగబోతే చిరుగుతుంది, అందుకే అక్కడి పాత్రలు మందంగా, బొద్దుగా ఉంటాయి. మందం వాళ్ల రుచి అని పుస్తకాల్లో రాస్తారు కానీ, మొదట అది మట్టి పెట్టిన ఆంక్ష. షిగరాకి మట్టిలో ఫెల్స్‌పార్ అనే రాతి గింజలుంటాయి, కాలినప్పుడు తెల్లటి పలుకులై పైకి తేలతాయి. ఎక్కువ వేడికి తట్టుకుంటుంది కాబట్టి పెద్ద జాడీలకు పనికొచ్చింది. బిజెన్ అనే ఇంకో కుండల ఊళ్లో కోతలయ్యాక చలికాలంలో వరిపొలాల కిందినుంచి తవ్వే ‘హియోసె’ అనే జిగట మట్టి. ఇనుము, కుళ్లిన ఆకుల అంశ ఎక్కువ. కొన్నేళ్లు మాగబెడతారు. బాగా కుంచించుకుంటుంది, ఎక్కువ వేడి ఒక్కసారిగా తట్టుకోదు. దాని మీద గ్లేజ్ పూస్తే నిలవక రాలిపోతుంది. బిజెన్ పాత్రకు పూత లేకపోవడానికి కారణం అదే. సంచిలో కొన్న మట్టితో చదువుకున్నవాడికి ఈ తగాదా తెలియదు. సంచి మట్టిని ఎవరికీ ఇబ్బంది కలగకుండా కలిపి తయారుచేస్తారు.

గ్లేజ్ గురించి రెండు మాటలు. మషికోలో ‘కాకి’ అనే ఎర్ర గోధుమ రంగు పూత ఉంది. మన కాకి కాదు, ఒక పండు పేరు. (నవ్వులు) దగ్గర్లో దొరికే ఒక రాయిని పొడిచేసి నీళ్లలో కలిపితే చాలు, అదే పూత. తెల్ల పూతకు వడ్ల ఊక బూడిద, అందులో సిలికా దండిగా ఉంటుంది. కట్టెల బూడిదనైతే ముందు నీళ్లు పోసి కలిపి, తేరనిచ్చి, పై నీళ్లు వంపేయాలి. ఇలా రోజుల తరబడి మళ్లీ మళ్లీ. కడగకపోతే అందులోని క్షారం చేతులను తినేస్తుంది, పూత తొట్టిలోనే గడ్డకడుతుంది, పాత్ర మీద పొక్కులు పోయి చీలుతుంది. తొలి కాల్పు 700, 800 డిగ్రీల దగ్గర. ఆ పాత్ర మీద దుమ్ము గానీ, చేతి జిడ్డు గానీ ఉంటే అక్కడ పూత అంటదు, ముడుచుకుపోయి బోడి మచ్చ మిగులుతుంది. తడి స్పంజితో ఒకసారి తుడవడం చిన్న పనే, మరిచేదీ దాన్నే.

ఇక మొదటిదైన నిప్పు.

మన కుమ్మరి ఆవం ఎర్రమట్టిని తొమ్మిది వందల డిగ్రీల లోపే కాలుస్తుంది, కుండలో నీళ్లు చల్లబడేది ఆ గుల్లతనం వల్లే. ఇక్కడ మాట్లాడేది 1200 డిగ్రీలు, ఆపైన. అక్కడ మట్టి గట్టిపడి రాయవుతుంది. కొండవాలు మీద గదులు గదులుగా కట్టిన ఆవాన్ని ‘నోబొరిగామా’ అంటారు. కింది గది వేడి పై గదిని ముందే కాచి పెడుతుంది. కింది గది అయ్యాక పక్క కంతల్లోంచి సన్నటి కట్టెలు వేస్తూ ఒక్కో గదీ పైకి ఎక్కుతారు. హమదా ఆవానికి ఎనిమిది గదులు. 2011 భూకంపానికి అది కూలింది, మళ్లీ కట్టి 2015లో కాల్చారు. ఆ ఆవాన్ని నింపడానికి ఒక ఇల్లు చాలదు కాబట్టి ఊళ్లోని చాలామంది కుమ్మరులు తలా కొన్ని పాత్రలు ఇచ్చారు.

మొదట ‘అబురి’, సన్న సెగ. పాత్రల్లో మిగిలిన తడి పోవడానికి. తొందరపడితే నూరు డిగ్రీల దగ్గర లోపలి నీరు ఆవిరై గోడను పేల్చేస్తుంది, ఆ ముక్కలు పక్క పాత్రల పూతలో పడి అంటుకుంటాయి. పోయేది ఒకటి కాదు, పది. తొమ్మిది వందలు దాటాక గాలి తగ్గించి పొగమంట పెడతారు. మంటకు కావలసిన ఆక్సిజన్ దొరక్క మట్టిలోంచీ పూతలోంచీ లాక్కుంటుంది. ఇనుమున్న పూత లేత ఆకుపచ్చకు, రాగి ఉన్నది ఎరుపుకు తిరిగేది అందుకే. పొగమంట మరీ ముందే పెడితే మట్టిలోని మసి కాలిపోకముందే పైపొర మూసుకుపోతుంది, లోపలి వాయువు పాత్రను బుడగలా ఉబ్బిస్తుంది. ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి లోపల పెట్టిన చిన్న వలయాలను ఇనప ఊచతో లాగి చూస్తారు. ఒక్కోటి ఒక్కో వేడికి వంగే మట్టి కోన్‌లు కూడా పెడతారు. ఇవన్నీ ఉన్నా, ముదిరినవాళ్లు పొగ గొట్టం నుంచి వచ్చే మంట పొడవు, కంతలోంచి కనిపించే రంగు చూసి చెబుతారు. ఈ చూపును పుస్తకం ఇవ్వదు. రాత్రిపూట వంతులవారీగా కట్టె వేసిన శిష్యుడికే వస్తుంది.

బిజెన్‌లో ఇది పది నుంచి పద్నాలుగు రోజులు. ఆ మట్టి తొందరకు పగులుతుంది కాబట్టి తప్పదు. ఎర్ర పైన్ కట్టెలే, మంట పొడుగ్గా పోతుంది, బూడిద పాత్ర భుజాల మీద కరిగి నువ్వులు చల్లినట్టు పడుతుంది. ఆ మచ్చకు పేరు కూడా ‘గొమా’, నువ్వులు. పాత్రకు గడ్డి చుట్టి పెడితే గడ్డిలోని క్షారం ఎర్రటి గీతలుగా మిగులుతుంది, అది ‘హిదసుకి’. ఏ పాత్రను ఆవంలో ఎక్కడ పెట్టాలో నిర్ణయించడంతోనే సగం రూపం ఖాయమవుతుంది, అందుకే పేర్చే పని గురువు ఎవరికీ వదలడు. ఆర్పాక ఒక వారం ముట్టుకోకూడదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ (పలుగురాయి) హఠాత్తుగా ఆకారం మారుతుంది. ఆ వేడిని తొందరగా దాటిస్తే, చల్లటి గాలి తగిలితే, టింగ్‌మని పగులు. పద్నాలుగు రోజులు ఓపికపట్టి పదిహేనో రోజు ఆశకు ఆవం తెరిచినవాళ్లు ఏడాది పంట పోగొట్టుకుంటారు. పైగా అమెరికా నుంచి వచ్చిన ఒక నులిపురుగు జపాన్ పైన్ అడవులను ఎండగొట్టింది, కట్టె ఖరీదు పెరిగింది. ఊళ్లో ఇళ్లు దగ్గరైతే పొగ గొడవ వేరే. ఇవాళ ఎక్కువమంది గ్యాస్, కరెంటు ఆవాల మీద బతుకుతున్నారు. అది దిగజారడం కాదు. మామూలు అన్నం గిన్నెలు అమ్మి ఇల్లు నడపాలంటే ప్రతిసారీ ఒకే రంగు రావాలి, గ్యాసు ఆవం దాన్ని ఇస్తుంది.

బతుకు సంగతి త్వరగా చెప్పేస్తాను. దుకాణం, గ్యాలరీ తీసుకునే వాటా పాత్ర ధరలో సగం దాకా ఉంటుంది. పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో వ్యక్తిగత ప్రదర్శన వారం నడుస్తుంది, కుమ్మరి అక్కడే నిలబడి కొనేవాళ్లతో మాట్లాడాలి. ఖరీదైన పాత్రకు కిరి అనే చెట్టు చెక్కతో చేసిన పెట్టె, దాని మూత మీద కుమ్మరి కుంచెతో రాసే పేరు. పెట్టె పోతే పాత్ర ధరా పడిపోతుంది. మషికోలో 1966 నుంచి వసంతంలోనూ శరత్తులోనూ జాతర జరుగుతుంది, కొత్తవాళ్లకు గుడారం వేసుకుని నేరుగా అమ్ముకునే చోటు అదే. 1974 చట్టం కింద ‘సంప్రదాయ శిల్పి’ అనిపించుకోవాలంటే పన్నెండేళ్ల అనుభవం, పరీక్ష. ‘సజీవ జాతీయ నిధి’కి ఏడాదికి ఇరవై లక్షల యెన్‌లు, అది శిష్యులకు నేర్పడానికి, తన పని మెరుగుపరుచుకోవడానికి ఇచ్చేది, పింఛను కాదు. చేరేందుకు శిష్యులు దొరకడమే ఇప్పుడు కష్టం: అద్దె కట్టుకోవలసిన ఇరవై ఏళ్లవాడు మూడేళ్లు జీతం లేకుండా ఊడవలేడు. కొందరు గురువులు అందుకే వారానికి ఇన్ని రోజులని కూలి కట్టి పనిలోకి తీసుకుంటున్నారు.

సరే, బల్ల దగ్గరికి రండి. ఉంగరాలు, గడియారాలు తీసేయండి. రెండు చేతులతో పట్టుకోండి, బల్లకు జానెడు ఎత్తు దాటించకండి. ముందు బరువు చూడండి, కంటికి అనిపించినంత ఉందా, తేలిగ్గా ఉందా. తర్వాత తిరగేసి కోదై చూడండి. అక్కడ పూత ఉండదు కాబట్టి మట్టి బోడిగా కనబడుతుంది: ఇసుక గరుకా, తెల్లటి గింజలున్నాయా, ఎర్రగా కాలిందా. చెక్కిన గీతలు ఎటు తిరిగాయో చూస్తే సారె ఏ వైపు తిరిగిందో తెలుస్తుంది. పక్కన బూడిద పడిన వైపు ఉంటే, ఆవంలో ఆ పాత్ర నిప్పుకు ఏ వైపు తిప్పి పెట్టారో కూడా చెప్పొచ్చు. పేర్లు కావాలనే రాయలేదు. ఒకరి తర్వాత ఒకరు రండి, అటువైపు నుంచి మొదలుపెట్టండి.